పదమూడున్నర చుట్లు

ముందు చక్రాన్ని రెండు చేతులా పట్టుకుని
తొమ్మిదీ మూడూ అంకెల దగ్గర
అటూ ఇటూ ఊపితే
టక్.
ఊడబోయే పాలపన్నులా, టక్.

అయనావరం సందులో ఆదివారం.
నీళ్ల లారీ వచ్చిపోయిన తడి ఇంకా ఆరలేదు.
"టై రాడ్ పోయింది. ఆరు వేలు, మంగళవారం రా"
అన్నాడు మెకానిక్ గజపతి.
సోమవారం పొద్దున ఏడింటికే
పదకొండుమంది పిల్లలు పదకొండు గుమ్మాల్లో
నీళ్ల సీసాలు మెడకి తగిలించుకుని నిలబడతారు.
వాళ్లకి మంగళవారం సంగతి ఎవరు చెప్తారు?

జీపీ రోడ్డులో జత వెయ్యిన్నీ నూటయాభై.
కొట్టువాడు నా వెనక ఎవరైనా ఉన్నారేమోనని చూసి
"మెకానిక్ ఎవరమ్మా?" అన్నాడు.
"ఉన్నార్లే" అన్నాను.

నైటీ మీద పాత ఖాకీ చొక్కా తొడుక్కుని
జాకీ ఎత్తాను.
"జాకీని నమ్మకు!" అని ఎదురింటి మేడ మీంచి
అరవంలో అరిచారు దేవసహాయంగారు,
ముప్ఫయ్యేళ్లు డిపోలో బస్సుల కింద పడుకున్న మనిషి.
విప్పిన చక్రాన్నే వ్యాను కిందికి తోశాను.
పడితే దాని మీద పడుతుంది.

రబ్బరు టోపీ చిరిగి, గ్రీజు ఎండి,
గిన్నెలో రేగ్గింజలా
లోపలి గుండు లొడలొడ.
ఇంతేనా! బొటనవేలంత ఈ కీలేనా
నా చేతి మాటని చక్రానికి మోసుకెళ్లేది?
ఈమధ్య నేను కుడి అంటే
అది కాసేపు ఆలోచించి
సరే, కుడి అనేది.

పిన్ను తుప్పుకి తుంపులైంది.
కిరసనాయిలు పోసి, అది లోపలికి దిగేదాకా
టీ తాగాం.
నట్టు వచ్చింది, కీలు రాలేదు.
ఉప్పుగాలి తొమ్మిదేళ్లుగా బిగించిన పట్టు.
సుత్తితో ఒకటి, రెండు, మూడు,
"పైనుంచి కాదమ్మా, పక్కనుంచి,
కణుపు చెవి మీద కొట్టు!"
ఏడో దెబ్బకి ఠంగుమని జారింది.
మేడ మీద చప్పట్లు.

ఎన్ని చుట్లకి పాతది ఊడుతుందో
అన్ని చుట్లే కొత్తది ఎక్కాలి,
లేకపోతే చక్రాలు తలోదారి చూస్తాయి.
వకుళ టార్చి పట్టుకుంది.
నేను తెలుగులో లెక్కపెట్టాను,
అది బడిలో నేర్చిన అరవంలో.
పది దాకా కలిసే తిరిగాం.
ఆ తర్వాత నా చెయ్యే జారిందో, దాని నోరే తడబడిందో,
నాకు పదమూడు. దానికి పదినాలు.
"అమ్మా, నువ్వొకటి మింగేశావ్."
"నువ్వే ఒకటి కలిపావ్."
ఊడొచ్చిన పాత కీలు మా మధ్య
ఎవరి పక్షమూ తీసుకోకుండా పడుంది.
మేడ మీది తీర్పు కోసం తలెత్తితే
దేవసహాయంగారు గ్లాసు కడుక్కోవడానికి లోపలికి పోయారు.

పదమూడు ఎక్కించి
లోపలి కడ్డీనే ఇంకో అరచుట్టు తిప్పాం.
కొత్త పిన్ను కాళ్లు వంచాను.
వకుళ అట్టపెట్టెలో దాచుకున్న గాలిపటం దారం
వెనక చక్రం నుంచి ముందు చక్రానికి లాగి
ఒంటికన్నుతో చూశాం, వంతులేసుకుని.
బాగానే ఉందంది. నాకు తెలీలేదు.

సోమవారం. కొన్నూరు హైరోడ్డు మలుపులో
చెప్పగానే తిరిగింది.
స్టీరింగు మాత్రం వేలెడు ఎడమకి ఒరిగి
ఎవరి మాటో వింటున్నట్టు.
స్పీడ్‌బ్రేకర్ దాటాక వెనకసీట్లోంచి
యూకేజీ ఇనియన్,
"ఆంటీ, టక్ ఏదీ?"

రోజూ ఆ టక్కుకి వాళ్లొక పాట కట్టుకున్నారట.
ఇన్నాళ్లూ చక్రం మీదే చెవి పెట్టి
నేను వినలేదు.
పాట సగంలో ఆగింది.
పదకొండు నోళ్లు తెరుచుకుని ఉన్నాయి.

గ్రీజు ఇంకా పోని గోటితో
డాష్‌బోర్డు మీద ఒకటి కొట్టాను.